గడియారం పడింది, ఆకాశం పడలేదు

మొన్నామధ్య ఒక శుక్రవారం రాత్రి మా కాపెల్ తెలుగు చర్చిలో ప్రార్థన ముగించుకుని అందరం పార్కింగ్ లాట్‌లోకి వచ్చేసరికి ఉత్తరం వైపు ఆకాశం ఎర్రబడి ఉంది. టెక్సాస్ దాకా ధ్రువకాంతులు దిగిరావడం ఎప్పుడోగాని జరగదు. పిల్లలందరూ ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. కంటికి పలచగా కనిపించే ఎరుపు ఫోన్‌లో దానిమ్మ రసంలా పడుతోందట. ఒకమ్మాయి పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, అంకుల్! అరోరా! అప్పట్లో మీ జాబ్ ఇదే కదా? డాడీ చెప్పారు. రండి, మాకు ఎక్స్‌ప్లెయిన్ చెయ్యండి!"

నేను చంకలో బైబిల్ పెట్టుకుని కారు తాళాల కోసం జేబులన్నీ తడుముకుంటున్నట్టు నటించాను. మోకాళ్ళ నొప్పులమ్మా, ఇంకోసారి చెప్తాలే అన్నాను.

"మోకాళ్ళకీ మెడకీ ఏంటి అంకుల్ కనెక్షన్? జస్ట్ పైకి చూడండి!" అన్నాడు పక్కనున్న కుర్రాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తల మాత్రం ఎత్తలేదు. కారెక్కి ఇంటికొచ్చేశాను.

ఆ ఆదివారం ఆ పిల్లలే వచ్చి, చర్చి పత్రికకి నా ఉద్యోగం గురించి రాసివ్వమన్నారు. అమ్మ చదివి చెప్తుంది కాబట్టి తెలుగులోనే రాయొచ్చని అనుమతి కూడా ఇచ్చారు. సరే, రాస్తున్నాను. ఇది వాళ్ళు అనుకున్న వ్యాసం కాదు. అచ్చు వెయ్యకపోయినా నాకేమీ కోపం లేదు. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. ఈ కథలో నాతో పనిచేసిన ముగ్గురూ ఇప్పుడు లేరు. ఉన్నవాణ్ణి నేను, నా పేరు రాసుకోవాలంటే నాకే సిగ్గు.

నాకు ఫిల్ము కడగడం తెనాలిలో మా మేనమామ స్టూడియోలో అబ్బింది. ఫొటో తీసిన ఫిల్మును మందుల్లో ముంచి బొమ్మ తేల్చడాన్ని మేం కడగడం అనేవాళ్ళం. మామయ్య తన కెమెరాలని కన్నబిడ్డల్లా చూసుకునేవాడు. రోజూ షాపు కట్టేసేముందు ప్రతి కెమెరా లెన్సు వెనకా ఒక నల్ల కాగితం ముక్క దోపేవాడు, దుమ్ము పడకుండా. ఫొటో పేపరు ప్యాకెట్లలో లోపల చుట్టి వచ్చే నల్ల కాగితం అది. పారెయ్యకుండా దాచి, కొలతకి కత్తిరించి వాడేవాడు. పొద్దున్నే ఆ కాగితాలన్నీ తీసి మళ్ళీ డబ్బాలో పెట్టడం నా పని. ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఆ మాట గర్వంగా చెప్పుకునే రోజులు కూడా ఉండేవి.

ఫిజిక్స్ చదివాను, ఈ దేశం వచ్చి ఇంకో డిగ్రీ చేశాను, పైచదువు సాగలేదు. చివరికి నాకు అన్నం పెట్టింది మామయ్య నేర్పిన విద్యే. డెబ్బైల చివర్లో మెయిన్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకి దగ్గరగా, ధ్రువకాంతుల్ని ఫొటోలు తీసే ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరాను. అక్కడ ఆకాశం మొత్తాన్నీ ఒక్క గుండ్రటి బొమ్మగా తీసే కెమెరా ఉండేది. ఇంటి కప్పు మీద ప్లాస్టిక్ డోమ్, దాని కింద లెన్సు. నిమిషానికోసారి దానంతటదే ఫొటో తీసేది. ప్రతి ఫొటో మూలలో ఒక చిన్న గడియారం కూడా పడేది, ఏ సమయానికి తీసిందో తెలియడానికి. ఆ గడియారానికి వేరే చిన్న లెన్సు ఉండేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మీరు అడుగుతారని తెలుసు, అందుకే ముందే చెప్తున్నాను. అన్నేళ్ళ ఉద్యోగంలో నేను ధ్రువకాంతుల్ని చూసింది ఎక్కువగా నెగటివ్ మీదే. పగలంతా చీకటి గదిలో ఉండి, రాత్రి వచ్చే వెలుగుల్ని మర్నాడు ఉదయం నలుపు తెలుపుల్లో చూసేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది, మీది పెళ్ళికి వెళ్ళకుండా ఆల్బమ్ చూసే ఉద్యోగం అని.

ల్యాబ్‌లో మేం నలుగురం. ప్రొఫెసరుగారు మంచివాడే కానీ తొందర మనిషి, ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాటలోకి దూకేవాడు. మెషీన్ షాపు పెద్దాయన ఫ్రెంచి యాసతో ఇంగ్లీషు మాట్లాడే మెయిన్ రాష్ట్రపు మనిషి. కెమెరా పెట్టెలూ బిగింపులూ ఆయనే చేసేవాడు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద లంచ్ చేసేవాళ్ళం, నా చింతకాయ పచ్చడి వాసనని ఆ భవనంలో సహించినవాడు ఆయన ఒక్కడే. నాలుగో అతను పీహెచ్‌డీ విద్యార్థి. వెర్మాంట్‌లో పాల డెయిరీ నడిపే రైతు కొడుకు, ఆరున్నర అడుగుల మనిషి. మా ఇంటి గుమ్మానికి తల కొట్టుకోకుండా ఒక్కసారీ లోపలికి రాలేదు. మా ఆవిడ అతన్ని పొడుగాయన అనేది. నేనూ అదే అంటాను.

పొడుగాయన ప్రశ్న ఒక్కటే. ఉత్తరాన ఆకాశంలో ఒక వెలుగు తీగ కదిలినప్పుడు, అదే క్షణంలో దక్షిణాన, భూమికి అవతలి కొసన కూడా అలాంటిదే కదులుతుందా?

"భూమి అయస్కాంతం గీతలు ఇక్కడ మొదలై అక్కడ దిగుతాయి," అనేవాడు మా భోజనాల బల్ల మీద పప్పు గరిటె ఒక చివరా, అన్నం గరిటె ఇంకో చివరా పెట్టి. "రెండు కొసల్లోనూ ఒకేసారి ఫొటోలు కావాలి. రెండు చోట్లా ఒకేసారి చీకటి ఉండే వారాలు ఏడాదిలో కొన్నే. ఒక్క చలికాలం అక్కడ ఉండొస్తే చాలు, నా థీసిస్ అయిపోతుంది. అవి కవలలా కాదా తేల్చేస్తాను."

"ముందు ఆ గరిటె ఇటివ్వు బాబూ, పప్పు చల్లారిపోతోంది," అనేది మా ఆవిడ తెలుగులోనే. అతనికి అర్థమయ్యేది. ఇచ్చేవాడు.

అలా అతను దక్షిణ ధ్రువ ఖండంలో ఒక చిన్న స్టేషన్‌కి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. చలికాలం మొదలైతే విమానాలు రావు. ఎనిమిది మంది, నెలల తరబడి చీకటి, మంచు కింద గదులు. రోజూ నిచ్చెనెక్కి డోమ్ మీద పేరుకున్న మంచు తుడవాలి, ఫిల్ము మార్చాలి, లాగ్‌బుక్ రాయాలి. అక్కడ నీళ్ళంటే మంచు కరిగించుకున్నవే, చాలా పొదుపుగా వాడాలి. అందుకని ఫిల్ము అక్కడ కడగొద్దు, అన్నీ డబ్బాల్లో తెస్తే నువ్వే ఇక్కడ కడుగుదువుగాని అన్నారు ప్రొఫెసరుగారు నాతో. సంతోషించాను. నమ్మకం అంటే అదే కదా.

ఇక ప్యాకింగ్ రోజు. దక్షిణానికి వెళ్ళే కెమెరా బల్ల మీద ఉంది. లారీ మీద, ఓడ మీద, విమానం మీద వెళ్ళాలి. లెన్సుల మధ్యలో ఫిల్టరు పెట్టుకోవడానికి పెద్దాయన ఒక సన్నని గాడి చేశాడు. మా కొలతలకి ఫిల్టరు అక్కర్లేదు, గాడి ఖాళీగా ఉంది. దుమ్మూ తేమా లోపలికి పోతాయేమోనని నాకు మామయ్య బుద్ధి పుట్టింది. ఫొటో పేపరు ప్యాకెట్లోంచి నల్ల కాగితం తీసి, కొలతకి కత్తిరించి, ఆ గాడిలోకి జార్చాను. చక్కగా, ఒక్క వెంట్రుక సందు లేకుండా కూర్చుంది. తర్వాత ఎర్ర ట్యాగు ఒకటి తీసుకుని 'ఫిల్టరు గాడిలో నల్ల కాగితం ఉంది, తీసేయండి' అని పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాశాను. దారం గుచ్చాను.

అప్పుడు ఫోన్ మోగింది. మా ఇమిగ్రేషన్ లాయరు. ల్యాబ్ నా కోసం వేసిన లేబర్ సర్టిఫికేషన్ అప్రూవ్ అయిందట, ఇక గ్రీన్ కార్డుకి అప్లై చెయ్యొచ్చట. మీలో చాలామంది వీసా మీద ఉన్నవాళ్ళే, ఆ ఫోన్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కాలు నేల మీద నిలవలేదు. మా ఆవిడకి ఫోన్ చేశాను, కారు తీసి డోనట్లు కొనుక్కొచ్చాను. తిరిగొచ్చేసరికి పెద్దాయన పెట్టెకి మూత పెట్టి స్క్రూలు బిగించేశాడు. పొడుగాయన నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. అందరం డోనట్లు తిన్నాం.

ట్యాగు కట్టాననే అనుకున్నాను. ముడి వేసినట్టు కూడా గుర్తు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఆ ముడి కనిపిస్తుంది. అది నా బుర్ర అల్లిన ముడి.

ఆ చలికాలం హామ్ రేడియో పెట్టుకున్న ఒక పుణ్యాత్ముడి ద్వారా రెండు మూడు వారాలకోసారి పొడుగాయన గొంతు వినిపించేది. ఒక మాట అన్నాక 'ఓవర్' అనాలి, అప్పుడే అవతలివాళ్ళు మాట్లాడాలి. మా ఆవిడ కూడా ఒకసారి మాట్లాడింది. "అన్నం తింటున్నావా, ఓవర్," అంది.

"ఫ్రోజెన్ మాంసం తింటున్నాను, మీ గోంగూర అయిపోయింది, ఓవర్."

నాతో ఎప్పుడూ ఫిల్ము గురించే. "రాత్రి మొత్తం వెలుగే వెలుగు. నిచ్చెన మీద నిలబడి చేతులు గడ్డకట్టేదాకా చూశాను. నువ్వు కడిగేటప్పుడు చూస్తావుగా, కుర్చీలోంచి పడిపోతావ్. ఓవర్."

"పడకుండా పట్టుకుని కూర్చుంటాలే. ఓవర్," అనేవాణ్ణి.

ఉత్తరాన మా కెమెరా బాగా పనిచేసింది. ఆ ఏడు సూర్యుడు మహా హుషారుగా ఉన్నాడు, ఈ వెలుగులు పుట్టించేది ఆయనే. నా చేతుల మీదుగా రోజుకో రాత్రి చొప్పున వెలుగులు వెళ్ళిపోతున్నాయి. సగం పజిల్ పూర్తయింది, మిగతా సగం వస్తోంది అని ప్రొఫెసరుగారు గోడ మీద పెద్ద కాగితం అంటించి రెండు నిలువు గడులు గీశారు. ఎడమ గడి నిండుతూ వచ్చింది.

పొడుగాయన తిరిగొచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు, మాట మధ్యలో ఆగిపోయి శూన్యంలోకి చూసేవాడు. అక్కడ చలికాలం గడిపినవాళ్ళకి కొన్నాళ్ళు అలా ఉంటుందట. కొన్ని వారాల తర్వాత, జనవరిలో, ఫిల్ము డబ్బాలూ కెమెరా పెట్టే వచ్చాయి. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి కాగితం వచ్చి ఉంది.

మొదటి డబ్బా తీసుకుని పొద్దున్నే చీకటి గదిలోకి వెళ్ళాను. కడిగి, బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే హైపో మందులో ముంచి, దీపం వేసి చూశాను. ఫిల్ము గాజులా తేటగా ఉంది, వెలుగు పడని నెగటివ్ అలాగే ఉంటుంది. ఏమీ లేదు. ఏమీ లేదంటే అబద్ధం, ప్రతి ఫొటో మూలలోనూ గడియారం ఉంది. ముల్లు నిమిషం నిమిషం జరుగుతూ, అంకెలన్నీ చదవగలిగేటట్టు, శుభ్రంగా. దాని పక్కన ఆకాశం ఉండాల్సిన చోట గాజు.

మబ్బు రాత్రేమో అనుకున్నాను. కానీ మబ్బుకి కూడా కాస్త మసక పడుతుంది. ఇంకో డబ్బా కడిగాను. ఇంకోటి. ఏప్రిల్ డబ్బా, జూన్ డబ్బా, ఆగస్టు డబ్బా. పున్నమి రాత్రులు కూడా. గడియారం, గాజు. గడియారం, గాజు. ఒక చలికాలం మొత్తం టైము పడింది, ఆకాశం పడలేదు.

అప్పుడు నాకు నల్ల కాగితం గుర్తొచ్చింది.

చేతులు తుడుచుకోకుండానే బయటికి వచ్చాను. పెద్దాయన లేడు. పెట్టె మూత తీసి, గాడిలో గోరు పెట్టి లాగాను. వచ్చింది. మడత పడలేదు, నలగలేదు. నేను పెట్టినట్టే, అంత చక్కగా ఉంది.

ఆ క్షణంలో నేను ఏం ఆలోచించానో నిజం రాస్తాను. పొడుగాయన గురించి కాదు. ఇంటర్వ్యూ గురించి. నాకు ఉద్యోగం ఉందని ఇచ్చిన ఒక్క ఉత్తరాన్ని ప్రొఫెసరుగారు వెనక్కి తీసుకుంటే మా ముగ్గురి బతుకూ సామాను సర్దుకోవాల్సిందే అని. మూడోది ఇంకా పుట్టలేదు. కాగితాన్ని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. ఇంటర్వ్యూ అయ్యాక చెప్తాను అనుకున్నాను. మూడు వారాలే కదా అనుకున్నాను.

మధ్యాహ్నం అందరం ప్రొఫెసరుగారి గదిలో కూర్చున్నాం. ఆయన ఫిల్మును కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు.

"కెమెరా నడిచింది. షట్టరు నడిచింది. గడియారం పడింది. అంటే లెన్సు మీద ఏదో అడ్డం ఉంది," అన్నారు. తర్వాత పొడుగాయన వైపు తిరిగారు. "ఎండ రోజుల్లో డోమ్ మీద వేసే కాన్వాస్ తొడుగు ఉంది చూడు. అది తీశావా?"

"తీశాను."

"ఎప్పుడు?"

"మార్చిలో. చీకటి పడటం మొదలవ్వగానే. రోజూ పైకెక్కి డోమ్ తుడిచాను. లాగ్‌బుక్‌లో ఉంది."

"లాగ్‌బుక్ అలవాటుగా కూడా రాస్తాం. నిన్ను తప్పు పట్టడం లేదు. అక్కడ చలికాలం ఉన్నవాళ్ళ జ్ఞాపకం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు."

"నేను ప్లాస్టిక్ తుడిచాను," అన్నాడు పొడుగాయన. "చేతికి తెలుసు. కాన్వాస్ కాదు, ప్లాస్టిక్."

పెద్దాయన ఫిల్మును చేతిలోకి తీసుకుని చూశాడు. నా వైపు తిరిగి, "ఫిల్టరు గాడి చూశావా? అందులో ఏమన్నా ఉందా?" అన్నాడు.

"ఖాళీగానే ఉంది," అన్నాను.

అది నిజమే. అప్పటికి ఖాళీగానే ఉంది. నా జీవితంలో నేను చెప్పిన అతి పెద్ద అబద్ధంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. కాగితం చొక్కా జేబులో, గుండె మీద ఉంది. మాట్లాడినప్పుడల్లా చప్పుడవుతుందేమోనని ఊపిరి బిగబట్టాను.

పొడుగాయన తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "భోంచేశానో లేదో కూడా గుర్తుండని రోజులున్నాయి అక్కడ," అన్నాడు. "తియ్యలేదేమో. నేనే తియ్యలేదేమో."

అప్పుడు చెప్పాలి నేను. నోరు తెరిస్తే చాలు. అతను తన కళ్ళతో చూసినదాన్ని తానే కాదనుకుంటున్నాడు, నేను పక్క కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. ఈ వ్యాసం ఇక్కడ చదవడం ఆపేసినా మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

ఇంటర్వ్యూ అయింది. గ్రీన్ కార్డు వచ్చింది. పాప పుట్టింది. మూడు వారాలు ఎప్పుడో దాటిపోయాయి. చెప్పడానికి ప్రతి వారం ముందటి వారం కన్నా కష్టమైంది, ఎందుకంటే ఇప్పుడు కాగితం గురించే కాదు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. పొడుగాయనకి ప్రొఫెసరుగారు వేరే అంశం ఇచ్చారు. అతను ల్యాబ్‌కి వచ్చి కూర్చునేవాడు, పెన్సిలు చెక్కుకునేవాడు. ఒక పని చేసి, చేశానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూసుకునేవాడు. తలుపు వేశానా. స్టవ్ ఆపానా. కారు పార్కింగ్ దాకా వెళ్ళి, తిరిగొచ్చి, "నేను తాళం వేశానా? నువ్వు చూశావా?" అని నన్నడిగేవాడు. అడగడానికి నేనే దొరికాను.

"వేశావు. నేను చూశాను," అనేవాణ్ణి.

వేసవి రాకముందే చదువు వదిలేసి, నాన్న డెయిరీకి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు చలికాలపు లాగ్‌బుక్కులు నా బల్ల మీద పెట్టాడు. "నాకెందుకు ఇవి. నువ్వయితే పారెయ్యవు," అన్నాడు. అవి ఇప్పటికీ నా దగ్గరున్నాయి. రోజూ ఒకే మాటతో మొదలవుతాయి, డోమ్ తుడిచాను అని. తర్వాత ఆకాశం. పచ్చటి పరదా, అడుగున గులాబీ అంచు, ఎవరో రెండు చేతులా పట్టుకుని విదిలిస్తున్నట్టు అని ఒకచోట. ఇంకోచోట, ఇవాళ ఎంత బాగుందంటే మిగతా ఏడుగురినీ నిద్ర లేపాను, తిట్టుకుంటూ వచ్చారు, తర్వాత ఎవరూ లోపలికి వెళ్ళలేదు అని. ఆ చలికాలం దక్షిణాన ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. గోడ మీద ప్రొఫెసరుగారి కాగితంలో కుడి గడి ఖాళీగా పసుపు రంగుకి తిరిగింది, తర్వాత ఎవరో చింపేశారు.

ఆ ఏడాది చివర్లో గోడలకి రంగులు వెయ్యడానికి ల్యాబ్‌లో బల్లలన్నీ జరిపారు. మర్నాడు నా లంచ్ డబ్బా మూత మీద ఒక ఎర్ర ట్యాగు ఉంది. దుమ్ము పట్టి ఉంది. నా అక్షరాలే. గుచ్చిన దారం, ముడి లేదు. బల్లకీ గోడకీ మధ్య పడిపోయిందన్నమాట. ఎదురుగా పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"మీ పాపకి ఎన్నో నెల?" అన్నాడు.

"తొమ్మిది."

తల ఊపి వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. నా పాప మొహం చూసి ఊరుకున్నాడని నాకు తెలుసు. నా పాపాన్ని ఆయనా మోశాడు, నేను అడక్కుండానే. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఆయన నాతో ఒకే బల్ల మీద భోంచెయ్యలేదు. గుడ్ మార్నింగ్ మాత్రం చెప్పేవాడు.

ఆరేళ్ళు గడిచాయి. ఫిల్ము పోయి వీడియో కెమెరాలు వచ్చాయి. చీకటి గదిని స్టోర్ రూమ్ చేశారు. ఒకరోజు మా ఆవిడ పాపకి కీర్తన నేర్పిద్దామని నా బైబిల్ తీసింది. నల్ల కాగితం జారి ఒళ్ళో పడింది. మాది ఏది దాచుకోవాలన్నా బైబిల్లో దాచుకునే కుటుంబం.

"ఏంటండీ ఇది?"

చెప్పాను. అన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. పాపని పక్కగదిలోకి పంపి వచ్చి కూర్చుంది.

"ఆ పిల్లాడు మన బల్ల మీద గరిటెలు పెట్టి ఎంత సంబరంగా చెప్పేవాడండీ," అంది. "ఇప్పుడు మన కార్డు ఎవరూ లాక్కోరు. శనివారం వెళ్దాం. చెప్పేద్దురుగాని."

వెళ్ళాం. మెయిన్ నుంచి వెర్మాంట్‌కి ఒక పూట డ్రైవ్. కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాను, చూపించాలి కదా అని. దారి పొడుగునా మొదటి వాక్యం తయారుచేసుకుంటూనే ఉన్నాను. పాప నిద్రపోయింది. మా ఆవిడ కారులోనే కూర్చుంటానంది, మీ ఇద్దరే మాట్లాడుకోండి అని.

పొడుగాయన కొట్టంలో ఉన్నాడు. గడ్డం లేదు. జుట్టు నెరిసింది. నన్ను చూసి బకెట్ కింద పెట్టి, వంగి కౌగిలించుకున్నాడు. పాలు, గడ్డి వాసన. ఆవుల పేర్లు చెప్పాడు. నాన్న పోయాడని చెప్పాడు. గేటు వేశానా అని రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాడు. పోయిన శరత్కాలంలో ఇక్కడికి కూడా అరోరా వచ్చిందట. ఊరంతా బయటికొచ్చి చూసిందట.

"నువ్వు చూశావా?" అన్నాను.

"కర్టెన్లు వేసుకున్నాను," అన్నాడు. "చూశానని అనుకుంటాను, తర్వాత చూడలేదని తేలుతుంది. ఎందుకొచ్చిన గొడవ."

నా చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. మొదటి వాక్యం నాలుక చివర ఉంది.

"నీకో మాట చెప్పాలి. ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాను," అన్నాడు అతనే ముందు. "ఉత్తరం రాద్దామని కూర్చుని లేచిపోయేవాణ్ణి. అన్ని డబ్బాలు, చీకట్లో ఒక్కడివే కూర్చుని, ఒక్కొక్కటీ కడిగావు. నా మతిమరుపు వల్ల. నా థీసిస్ పోతే పోయింది, నీ శ్రమ అంతా మట్టిపాలు చేశాను. నువ్వు ఒక్క మాట కూడా అనలేదు నన్ను. అందరిలోకీ నువ్వొక్కడివే అనలేదు. నన్ను క్షమించు."

అతని కళ్ళు నిండి ఉన్నాయి. నేను ఎంత చిన్నవాణ్ణో ఆ రోజు నాకు కొలతలతో సహా తెలిసింది.

"పర్లేదు," అన్నాను.

అతను ఇంకా చూస్తున్నాడు. పూర్తిగా వినాలని ఉంది అతనికి.

"క్షమించాను," అన్నాను.

అతని భుజాలు దిగాయి. ఏళ్ళ తరబడి మోసిన మూట దించినట్టు గట్టిగా ఊపిరి వదిలాడు. పాపకని ఒక చీజ్ ముక్క కాగితంలో చుట్టిచ్చాడు. కారు దాకా వచ్చి, మా ఆవిడని చూసి, "గోంగూర అయిపోయింది, ఓవర్," అన్నాడు. ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది.

రోడ్డెక్కాక అడిగింది. "చెప్పారా?"

"అతనే నాకు సారీ చెప్పాడు."

"మీరేమన్నారు?"

"క్షమించానన్నాను."

ఆమె చీజ్ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పొడుగాయన పోయాడని కొన్నేళ్ళ క్రితం వాళ్ళ ఊరి పత్రికలో పడింది. పాడి రైతు, నిదానస్తుడు, ఇరుగుపొరుగుకి సాయపడేవాడు అని నాలుగు లైన్లు. దక్షిణ ధ్రువం మాటే లేదు.

వెర్మాంట్ వెళ్ళిన ఆ రాత్రి ఇంటికొచ్చాక మా ఆవిడ నా జేబులోంచి నల్ల కాగితం తీసి, ఎక్కణ్ణించి పడిందో అక్కడే, కీర్తనల మధ్య పెట్టి బైబిల్ మూసింది. అది ఇంకా అక్కడే ఉంది. పైకి చూడండి అంకుల్ అని మీరందరూ పిలుస్తున్నప్పుడు నా చంకలో ఉన్నది ఆ బైబిలే.